శనిని గుర్తుపట్టాల్సింది మా అత్తయ్య

నేను కొన్న టెలిస్కోప్‌ను మా ఇంట్లో టెలిస్కోప్ అని పిలిచేది నేనొక్కదాన్నే. మా ఆయన దానికి గంగాళం అని పేరు పెట్టాడు. పేరులో అన్యాయమేమీ లేదు. అడుగున పన్నెండు అంగుళాల గుండ్రటి అద్దం, ఆ అద్దాన్ని మోసే చెక్కపెట్టె, పెట్టె మీద నిలబెట్టే ఎనిమిది కడ్డీలు, కడ్డీల పైన చిన్న అద్దం బిగించిన చట్రం. అన్నీ బిగిస్తే దాదాపు నా ఎత్తుంటుంది. విప్పితే పెట్టె ఒక్కటే పెళ్ళివంటల గంగాళమంత. సింగపూర్ టోవా పాయోలో మా ఫ్లాట్‌కి ఉన్నవి రెండే పడకగదులు. రెండోదాని మూలలో ఆ గంగాళం తిష్ఠ వేసింది.

నా ఉద్యోగం చాంగీ బిజినెస్ పార్క్‌లో, ఒక బ్యాంకు సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించడం. అంటే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఇతరుల పనిలో తప్పులు పడతాను, దానికి జీతమిస్తారు. ఇంట్లో అదే పని జీతం లేకుండా చేస్తానని మా ఆయన ఫిర్యాదు. అలాంటి మనిషి సింగపూర్‌లో ఉంటూ ఆకాశాన్ని ఫోటోలు తీయడానికి ఇంత పెద్ద అద్దం కొన్నదంటే, తప్పు పట్టేవాళ్ళకు కొదవేముంటుంది? ఇక్కడి రాత్రికి చీకటి ఉండదు. వీధిదీపాల వెలుగు మబ్బుల మీద పడి ఆకాశం ఎప్పుడూ పల్చటి టీ రంగులో ఉంటుంది. మబ్బు లేని సాయంత్రం ఎప్పుడైనా వచ్చిందంటే ఆ రోజు ఆఫీసులో తప్పకుండా ఏదో ఒక సిస్టమ్ కూలిపోయి ఉంటుంది.

అయినా నా వాదన నాకుంది. పాలపుంతను తీయాలంటే చీకటి కావాలి, నిజమే. గ్రహాలకు ఆ పట్టింపు లేదు. అవి వీధిదీపాలను లెక్కచేయవు. పైగా భూమధ్యరేఖ పక్కనే ఉన్నాం కాబట్టి ఇక్కడ గ్రహాలు దాదాపు నడినెత్తిన నడుస్తాయి. గాలి కుదురుగా ఉన్న రోజున పెద్ద అద్దంలో వాటి అంచులు కత్తిరించినట్టు కనిపిస్తాయి. అలాంటి రోజు దొరకాలి, అంతే. రెండేళ్ళుగా నేను ఆ రోజు కోసమే చూస్తున్నాను.

మా అత్తయ్య రాజమండ్రి నుంచి మూడు నెలలు ఉండటానికి వస్తున్నారని తెలిసినప్పుడు గంగాళం సంగతి చర్చకొచ్చింది. మామయ్యగారికి విమానమంటే భయం, ఆయన రారు. అత్తయ్య ఒక్కరే వస్తారు, రెండో గదిలో పడుకుంటారు.

"అమ్మ రాత్రి బాత్‌రూమ్‌కి లేస్తే దానికి తగిలి పడుతుంది. బిషాన్ అంకుల్‌కి ఇచ్చేద్దాం," అన్నాడు మా ఆయన.

బిషాన్ అంకుల్ అంటే బిషాన్‌లో ఉండే ఒక చైనీస్ పెద్దాయన. నెలరోజులు వరసగా మబ్బు పట్టినప్పుడు ఒళ్ళుమండి, టెలిస్కోప్ అమ్ముతానని ఆన్‌లైన్‌లో పెట్టాను. పది నిమిషాల్లో ఆయన నుంచి మెసేజ్ వచ్చింది. ఇంకో పది నిమిషాల్లో నా కోపం తగ్గి ప్రకటన తీసేశాను. ఆయన మాత్రం తగ్గలేదు. నెలకోసారి మర్యాదగా కనుక్కుంటూనే ఉన్నాడు.

"ఒక్క మంచి ఫోటో వచ్చేదాకా ఆగు," అన్నాను.

"రెండేళ్ళ నుంచి ఆగుతూనే ఉన్నాగా."

"వచ్చాయి కదా, నువ్వే సరిగ్గా చూడలేదు."

"కాకిపిల్ల కాకికి ముద్దు. నీ ఫోటోల్లో ఏముందో నీకు తప్ప ఇంకెవరికన్నా తెలుస్తోందా?"

దాంతో నాకు రోషం వచ్చింది. రోషంలో నేను ఒప్పుకునే షరతులు మామూలప్పుడు ఒప్పుకోను. అది మా ఆయనకు తెలుసు. వెంటనే షరతు పెట్టాడు. అత్తయ్య తిరిగి వెళ్ళేలోపు నేను శనిగ్రహాన్ని ఒక్క ఫోటో తీయాలి. అది ఏమిటో ఎవరమూ చెప్పకుండా, అత్తయ్య చూసి, శని అని గుర్తుపట్టాలి. గుర్తుపడితే గంగాళం ఇంట్లో ఉంటుంది. లేకపోతే ఆవిడ విమానం ఎక్కిన మర్నాడు బిషాన్ అంకుల్ వ్యాన్ వస్తుంది.

"అందరూ శనిని వదిలించుకోవడానికి నువ్వులు దానం చేస్తారు. డబ్బు పోసి అద్దం కొని మరీ వెతుక్కునేది నువ్వొక్కదానివే," అని నవ్వాడు.

నేను ధీమాగానే ఒప్పుకున్నాను. ఎందుకంటే అత్తయ్య ఇరవై ఏళ్ళు ఎలిమెంటరీ స్కూల్లో టీచరుగా పనిచేశారు. ఎన్నిసార్లు సౌరకుటుంబం బోర్డు మీద గీసి ఉంటారో లెక్కలేదు. వలయం ఉన్న గ్రహాన్ని ఆవిడ కాకపోతే ఇంకెవరు గుర్తుపడతారు?

అత్తయ్య వచ్చారు. గంగాళం పక్కనే మంచం వేశాం. ఆవిడ దాన్ని చూసి, "ఇది వాడుకోవడానికేనా, పూజించడానికా?" అని అడిగి, దాని మీద తన చీరల సంచీ పెట్టుకున్నారు. నేను సంచీ తీసి, ఆ పెట్టెలో అద్దం ఉందని, దాని మీద దుమ్ము కూడా పడకూడదని, మూత తీయకూడదని ఓ పాఠం చెప్పాను. టీచరు కదా, శ్రద్ధగా విన్నారు.

ఫోటోలు తీసే విధానం ఇది. మా బ్లాక్ పక్కన కార్లు పెట్టుకునే ఆరంతస్తుల కట్టడం ఉంది. దాని పైఅంతస్తులో ఎండకు భయపడి ఎవరూ కారు పెట్టరు. సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే పెట్టెను ట్రాలీ మీదకెక్కించి, కడ్డీలను యోగా చాప సంచీలో వేసుకుని, చట్రాన్ని చంకలో పెట్టుకుని లిఫ్ట్ ఎక్కుతాను. లిఫ్ట్‌లో వాళ్ళు వాషింగ్ మెషీనా అని అడుగుతారు. కాదంటే డ్రమ్సా అని అడుగుతారు. పైకెళ్ళి అన్నీ బిగించేసరికి అద్దం మీద ఆవిరి కమ్ముకుంటుంది. గదిలో అత్తయ్య ఏసీ వేసుకుని పడుకుంటారు, ఆ చల్లటి అద్దం బయటి ఉక్కలోకి రాగానే ఫ్రిజ్‌లోంచి తీసిన గ్లాసులా చెమటలు పోస్తుంది. తుడవకూడదు, తుడిస్తే పూత గీసుకుపోతుంది. గంటసేపు అలా కూర్చోవాలి. ఆ గంటలో మబ్బులకు కబురు వెళుతుంది.

మబ్బు రాకపోతే కెమెరా బిగించి వీడియో తీస్తాను. ఫోటో కాదు, వీడియో. గాలి ఊగినప్పుడల్లా గ్రహం నీళ్ళ అడుగున రూపాయి బిళ్ళలా ఊగుతుంది. ఎప్పుడో ఒక్క క్షణం నిలుస్తుంది. వేల బొమ్మల్లోంచి అలా నిలిచినవాటిని మాత్రం ఏరి, ఒకదాని మీద ఒకటి పేర్చి, అన్నిటినీ కలిపి ఒక్క ఫోటో చేయాలి. బియ్యంలో రాళ్ళు ఏరినట్టే, కాకపోతే ఇక్కడ రాళ్ళే ఎక్కువ, బియ్యం తక్కువ. దానికితోడు ఆ ఏడాది శని మనకు కాస్త పక్కకు తిరిగి ఉంది, వలయం పలచగా కనిపించేది. నా అదృష్టం అలాంటిది.

మొదటి ఫోటో మూడో వారానికి తయారైంది. నాకది బాగానే ఉందనిపించింది. భోజనాల దగ్గర ఫోన్ అత్తయ్య చేతికిచ్చాను.

"అమ్మా, ఇదేంటో చెప్పు," అన్నాడు మా ఆయన.

ఆవిడ ఫోన్‌ను దూరంగా పెట్టి చూశారు, దగ్గరగా పెట్టి చూశారు. "ఇడ్లీనా?" అన్నారు.

మా ఆయనకు పొలమారింది. నీళ్ళు తాగి, వీపు తట్టించుకుని, మళ్ళీ నవ్వాడు. నేను గాలి బాగోలేదని, తేమ ఎక్కువైందని చెప్పబోతే, ఆడలేక మద్దెల ఓడు అన్నాడు. అప్పుడు ఆ సామెత మీద నాకు పుట్టిన అసహ్యం ఇప్పటికీ పోలేదు.

రెండో ఫోటోను అత్తయ్య పొట్టు తీసిన పెసరపప్పు అన్నారు. మూడోదాన్ని చొక్కా గుండీ అన్నారు. అది విని నేను నిజంగా బాధపడ్డాను, ఎందుకంటే మూడోదాంట్లో వలయం స్పష్టంగా ఉంది. ఆఫీసులో పక్కసీటు అమ్మాయికి చూపిస్తే నిమిషం ఆలోచించకుండా శని అంది. కానీ ఆ అమ్మాయి తీర్పు చెల్లదు కదా. పైకి వచ్చి టెలిస్కోప్‌లో స్వయంగా చూడమని అత్తయ్యను ఎన్నిసార్లు పిలిచినా మోకాళ్ళు అనేవారు. ఆ మోకాళ్ళతోనే రోజూ పొద్దున మార్కెట్‌కి నడిచి వెళ్ళి తోటకూర తెచ్చేవారు. ఈవిడకు నా ఫోటోలంటే చిన్నచూపని, కొడుకు పక్షాన నిలబడుతున్నారని నాలో నేను తిట్టుకున్నాను. పైకి మాత్రం పెసరపప్పు బాగుందత్తయ్యా అన్నాను, ఆ రోజు వండింది కూడా అదే.

అలా రెండు నెలలు గడిచి దసరా వచ్చింది. ఇక్కడ దసరాకు సెలవు లేదు, ఇద్దరం ఆఫీసులకు పోయాం. సాయంత్రం ఇంటికొచ్చేసరికి అత్తయ్య ఒక్కరే ఆయుధపూజ పూర్తి చేసి కూర్చున్నారు. వాషింగ్ మెషీన్‌కి బొట్టు. రైస్ కుక్కర్‌కి బొట్టు. మా ఆయన లాప్‌టాప్‌కి, నా మడతసైకిల్‌కి, చివరికి టీవీ రిమోట్‌కి కూడా పసుపు, కుంకుమ. చూడటానికి ముచ్చటగానే ఉంది. నేను నవ్వుతూ గదిలోకి వెళ్ళి, అలవాటుగా గంగాళం వైపు చూశాను. మూత సరిగ్గా లేదు.

మూత తీసి చూస్తే అద్దం నట్టనడుమ ఎర్రటి బొట్టుబిళ్ళ అంటించి ఉంది. దాని చుట్టూ నాలుగైదు వేలిముద్రలు.

నేను ఎంత గట్టిగా అరిచానో చెప్పుకోవడం నాకే బాగుండదు. పక్కింటి చైనీస్ ఆంటీ తలుపు తీసి చూసింది. ముట్టుకోవద్దని చెప్పానా లేదా అన్నాను. ఇది డ్రెస్సింగ్ టేబుల్ అద్దం కాదన్నాను. ఇంటి కోడలు అత్తగారితో అనకూడనివి ఇంకో రెండు కూడా అన్నాను.

"కుంకుమైతే రాలి దుమ్ము పడుతుందని బిళ్ళ పెట్టానే," అన్నారు అత్తయ్య మెల్లిగా. "వేలితో తడిమితే నడిమధ్యన గుండ్రంగా ఏదో తగిలింది. బొట్టుకోసమే చోటు వదిలారనుకున్నాను."

ఆవిడ చెప్పిన గుండ్రటిది నిజమే. అద్దం తయారుచేసేవాళ్ళే సరిగ్గా మధ్యలో చిన్న కాగితపు రింగు అంటిస్తారు. పైనున్న చిన్న అద్దాన్నీ కింది పెద్ద అద్దాన్నీ ఒక వరసలోకి తెచ్చుకోవడానికి అది గుర్తు. అత్తయ్య బిళ్ళ అచ్చం ఆ రింగు లోపల ఇమిడిపోయింది, కొలిచి పెట్టినట్టు. కోపం చల్లారాక కూర్చుని ఆలోచిస్తే నాకే తెలిసింది. పెద్ద అద్దం మధ్యభాగం మీద ఎప్పుడూ చిన్న అద్దం నీడ పడుతుంది. అక్కడికి వెలుగే రాదు. అక్కడ బొట్టు పెట్టినా ఒకటే, పెట్టకపోయినా ఒకటే. పీకితే జిగురుతోపాటు పూత ఊడివస్తుందని బిళ్ళను అలాగే ఉంచేశాను. ఆ తర్వాత అద్దాలు సరిచేసుకునేటప్పుడు వెలిసిపోయిన ఆ కాగితం కంటే ఎర్రబిళ్ళే బాగా కనిపించింది.

ఇదంతా అత్తయ్యకు చెప్పి, తప్పయిందని ఒక్క మాట అనాలి. చెప్పలేదు. మర్నాడు ఆవిడకు ఇష్టమైన పనసకాయ తెచ్చాను. నా క్షమాపణలు సాధారణంగా కూరగాయల రూపంలోనే ఉంటాయి. ఆవిడ వండి పెట్టారు కానీ, గదిలో గంగాళానికి దూరంగా మంచం జరుపుకున్నారు.

ప్రయాణం ఆదివారం. గురువారం సాయంత్రం నాలుగింటికి కుంభవృష్టి కురిసి ఆరింటికి ఆగిపోయింది. ఆఫీసు దగ్గరి ఎక్స్‌పో స్టేషన్‌లో రైలెక్కేటప్పుడు చూస్తే ఆకాశం కడిగిన పలకలా ఉంది. అన్నం కూడా తినకుండా ట్రాలీ లాక్కుంటూ పైకెళ్ళాను. ఆ హడావిడిలో మడతస్టూలు మరిచిపోయాను. స్తంభం మీద పసుపు గుండ్రంలో అంతస్తు నంబరు రాసి ఉంటే, దాన్ని ఫోటో తీసి, స్టూలు పట్టుకుని ఇక్కడికి రా అని మా ఆయనకు పంపాను. ఆయన స్టూలూ, రెండు అరటిపళ్ళూ తెచ్చాడు. మంచివాడే, షరతుల దగ్గరే ఇబ్బంది.

ఆ సాయంత్రం గాలి కదల్లేదు. కెమెరా తెరమీద శని ఊగకుండా నిలబడింది. వలయానికీ గ్రహానికీ మధ్య నల్లటి సందు కనిపించింది. గ్రహం మీద వలయం నీడ సన్నటి గీతగా పడింది. రెండేళ్ళలో అలా చూడటం అదే మొదలు. వీడియో మీద వీడియో తీశాను. శుక్రవారమంతా ఏరి, పేర్చి, శనివారం సాయంత్రానికి ఫోటో చేశాను. నా పనిలో నేనే తప్పు పట్టలేకపోయాను.

శనివారం రాత్రి భోజనాలయ్యాయి. అత్తయ్య పెట్టెలు సర్దేసి హాల్లో సిద్ధంగా ఉంచారు. నేను శని ఫోటో తెరిచి ఫోన్ ఆవిడ చేతికిచ్చాను. మా ఆయన ఎదురుగా కూర్చుని చేతులు కట్టుకున్నాడు.

"లాస్ట్ చాన్స్. అమ్మా, ఏంటది?"

అత్తయ్య ఫోన్‌ను కాసేపు అటూ ఇటూ తిప్పి చూశారు. "శని కాదుట్రా? చుట్టూ వలయం ఎంత చక్కగా ఉందో," అన్నారు.

మా ఆయన నోరు తెరిచాడు. తర్వాత పెద్దమనిషిలా లేచి నాకు చేయి కలిపాడు. "గెలిచావ్. అంకుల్‌కి రేపు నో చెప్పేస్తా."

నేను గంతులేయాల్సిన సమయం. నవ్వుతూ ఫోన్ వెనక్కి తీసుకుని తెర చూశాను. అందులో శని లేదు. అందుకునేటప్పుడు ఆవిడ బొటనవేలు జరిగి, దానికి ముందు తీసిన ఫోటో వచ్చింది. కార్‌పార్క్ స్తంభం. పసుపు గుండ్రం మీద ఆరు అంకె.

తేలు కుట్టిన దొంగలా ఫోన్ జేబులో వేసుకున్నాను. మా ఆయన స్నానానికి వెళ్ళాడు. అత్తయ్య గిన్నెలు కడగడానికి వంటింట్లోకి పోతే వెనకే వెళ్ళాను.

"అత్తయ్యా, మీకు ఏం కనిపించింది?"

"అదే, వలయం."

"అది స్తంభం అత్తయ్యా."

ఆవిడ కొళాయి కట్టలేదు. గిన్నె తోముతూనే ఉన్నారు. ఆ నీళ్ళ చప్పుడులోనే చెప్పారు. కుడికన్ను రెండేళ్ళ నుంచే మసకట. ఈ ఏడు ఎడమ కన్నుకూ పొర మొదలైంది. చూస్తే పెద్దపెద్దవి తెలుస్తాయి, మొహాలు గొంతులతో కలిపి తెలుస్తాయి. మార్కెట్లో తోటకూర చేత్తో తెలుస్తుంది.

"మరి ఇడ్లీ అన్నారు. పెసరపప్పు అన్నారు."

"తెల్లగా కనిపిస్తే ఇడ్లీ అన్నాను, పచ్చగా కనిపిస్తే పప్పు అన్నాను. అడిగినప్పుడు ఏదో ఒకటి చెప్పాలి కదే. తెలీదంటే వాడు కంటి డాక్టరు దగ్గరికి లాక్కుపోతాడు. ఆపరేషనంటే నాకు భయం. మీ మామయ్యకి విమానం లాగే."

"ఇవాళ శని అని ఎలా అన్నారు?"

"మీ పందెం నాకు వచ్చిన రోజే తెలుసు. ఈ ఫ్లాట్లో గోడలకి చెవులక్కర్లేదు, మీ ఇద్దరి గొంతులు చాలు. మొన్న నీ అద్దం పాడుచేశాను. అది కూడా ఇంట్లోంచి పోతే నావల్లే పోయిందని నీకు జన్మంతా ఉంటుంది. అందుకని అనేశాను."

నాకు చాలా సిగ్గేసింది. రోజుకు ఎనిమిది గంటలు తప్పులు వెతికే మనిషిని. మూడు నెలలు నా ఎదురుగా కూర్చుని అన్నం తిన్న మనిషికి కళ్ళు కనపడటం లేదని పట్టలేకపోయాను. వేలితో తడిమాను అని ఆవిడ స్వయంగా చెప్పిన రోజున కూడా, ఆ వేలిముద్రలు అద్దానికి ఏం చేస్తాయోనని చూశాను తప్ప, ఎందుకు తడిమారని అడగలేదు. అద్దానికి ఏమీ కాలేదని అప్పుడు చెప్పాను. తప్పయిందని కూడా చెప్పాను, ఈసారి కూరగాయ లేకుండా.

ఆవిడ చేతులు తుడుచుకుని నా వైపు తిరిగారు. "సరే. అయితే నువ్వు నా కళ్ళ సంగతి చెప్పకు, నేను స్తంభం సంగతి చెప్పను. నీ గంగాళం నీకుంటుంది, నా విమానం నాకుంటుంది."

నిజం చెబుతున్నాను, నేను ఆలోచించాను. రెండు గిన్నెలు బోర్లించేంతసేపు ఆలోచించాను. రాజమండ్రిలో కూడా కంటి డాక్టర్లు ఉన్నారు, తర్వాత ఫోన్‌లో నచ్చజెప్పవచ్చు, ఈలోపు షరతు నెగ్గినట్టే కదా అని మనసు చాలా తెలివిగా వాదించింది. ఇంతలో ఆవిడ అలవాటుగా కత్తిని స్టాండులో పెట్టబోయి, చోటు దొరక్క మొన ఎటుందో వేళ్ళతో తడుముకున్నారు. నేను కత్తి తీసుకున్నాను. హాల్లోకి వెళ్ళి, తల తుడుచుకుంటున్న మా ఆయన చేతిలో ఫోన్ పెట్టి, ఆ స్తంభం చూపించాను.

ఆయన మొదట నవ్వాడు. సంగతి అర్థమయ్యాక నవ్వు పోయింది. వంటింటి గుమ్మంలో నిలబడి, "ఎందుకు చెప్పలేదమ్మా," అని ఒక్కటే మాట అడిగాడు. అత్తయ్య అప్పుడు నన్ను చూసిన చూపు ఉంది, కళ్ళు కనపడనివాళ్ళు అంత సూటిగా చూడగలరని నాకు అప్పుడే తెలిసింది.

విమానం టికెట్ మార్చాం. ఆవిడ విజిట్ పాస్ పొడిగించుకున్నాం. నాలుగు రోజులు అత్తయ్య నాతో మాట్లాడలేదు, అయిదో రోజు కంటి ఆసుపత్రి వరండాలో నా చేయి పట్టుకుని వదల్లేదు. లోపల ఆపరేషన్‌కి పట్టింది పావుగంట. బయటికొచ్చి, "ఇంతేనా? దీనికా నేను రెండేళ్ళు భయపడింది?" అన్నారు, తప్పంతా డాక్టరుదే అన్నట్టు.

కుడికంటి కట్టు విప్పిన రోజున ఆవిడ ఇల్లంతా తిరిగి చూశారు. స్టవ్ వెనక జిడ్డు ఉందన్నారు. ఫ్యాన్ రెక్కల మీద దుమ్ము ఉందన్నారు. నాకు తలలో ఇన్ని తెల్లవెంట్రుకలు ఎప్పుడొచ్చాయని అడిగారు. కొడుకును దగ్గరికి పిలిచి, "ఏరా, ఇంత పొట్టేంటిరా?" అన్నారు. ఇంట్లో తప్పులు పట్టేవాళ్ళం ఇద్దరమయ్యాం. మా ఆయన పాపం ఆ వారం రోజులూ ఆఫీసులో ఆలస్యంగా ఉండిపోయాడు.

షరతు మాత్రం తేలలేదు. స్తంభం మీద వచ్చిన తీర్పు చెల్లదన్నాడు మా ఆయన, నేనూ కాదనలేకపోయాను. జడ్జీగారు ఆవిడే, కన్ను కొత్తది కాబట్టి మళ్ళీ మొదటి నుంచి విచారణ. ఈసారి శని ఫోటోను లాప్‌టాప్ తెర నిండా పెట్టాను. అత్తయ్య కుర్చీ ముందుకు జరుపుకుని చాలాసేపు చూశారు.

"శనే. ఇలాంటిది నేను ఇరవై ఏళ్ళు బోర్డు మీద గీశాను."

"అయితే గుర్తుపట్టినట్టేనా?" అన్నాడు మా ఆయన.

"ఆగరా. బోర్డు మీద నేను గీసింది పుస్తకం చూసి. ఈ ఫోటో నీ పెళ్ళాం ఏరి కూర్చింది. అసలుది నేనెప్పుడు చూశాను? అసలుది చూడందే పోలిందని ఎలా చెప్తాను?"

అంటే పైకి వస్తానని. మోకాళ్ళ ప్రస్తావన రాలేదు. కానీ ఈలోపు ఈశాన్య రుతుపవనాలు దిగాయి. రోజూ వాన. పొడిగించిన పాస్ గడువు కూడా దగ్గరపడుతోంది. బిషాన్ అంకుల్ మర్యాదగా మళ్ళీ ఓ మెసేజ్ పెట్టాడు. నేను రోజూ కిటికీ దగ్గర నిలబడి మబ్బులను తెలుగులో తిట్టాను.

వెళ్ళడానికి మూడు రోజుల ముందు, దీపాలు పెట్టే వేళకు, వాన తెరిపి ఇచ్చింది. ముగ్గురం వెళ్ళాం. నేను ట్రాలీ లాగాను, మా ఆయన కడ్డీలు మోశాడు, అత్తయ్య స్టూలు పట్టుకున్నారు. లిఫ్ట్‌లో ఎవరో డ్రమ్సా అని అడిగితే ఆవిడే తల ఊపారు. పైన నేల ఇంకా తడిగా ఉంది. మబ్బుల మధ్య కొంచెం ఖాళీ ఉంది, ఆ ఖాళీలో శని ఉంది. అద్దం మీద ఆవిరి ఆరేదాకా ముగ్గురం ఆ ఖాళీని కాపలా కాశాం. తర్వాత కెమెరా తీసేసి, కంటితో చూసే కటకం పెట్టాను. శనిని నడిమధ్యకు తెచ్చాను.

మా ఆయన ఆవిడ మోచేయి పట్టుకుంటే అత్తయ్య స్టూలెక్కి వంగారు. కొత్త కన్ను కటకానికి ఆనించారు.

ఇంకాస్త వంగారు.

"కనిపించిందా అమ్మా?"

ఆవిడ రెండో కన్ను గట్టిగా మూసుకున్నారు. నాకు భయమేసింది. ఆపరేషన్ సరిగ్గా కుదరలేదేమోననీ, కుదిరినా ఈ చుక్కలో ఏముందని ఇంత గొడవ అనుకుంటున్నారేమోననీ. ఆ నిమిషంలో నాకు గంగాళం గుర్తు లేదు. ఆవిడకు కనపడితే చాలనిపించింది, దాన్ని బిషాన్ పంపేసినా సరే.

"అమ్మాయ్, పోతోందే," అన్నారు అత్తయ్య. "పక్కకి జరిగిపోతోంది. వలయంతో సహా పోతోంది, పట్టుకో పట్టుకో."

నా టెలిస్కోప్‌కి మోటారు లేదు. భూమి తిరుగుతూ ఉంటుంది కాబట్టి గ్రహం కటకంలో ఒక అంచు నుంచి రెండో అంచుకు జారిపోతుంది, చేత్తో నెట్టి మళ్ళీ మధ్యకు తెచ్చుకోవాలి. ఈ సంగతి నేను ఆవిడకు చెప్పలేదు. కనపడనివాళ్ళు బాగుంది అంటారు. పోతోంది అనగలిగేది నిజంగా చూసినవాళ్ళే. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చట్రం మీద చేయివేసి వెంట్రుకవాసి నెట్టాను.

"వచ్చిందా?"

"ఆ, వచ్చింది. నడుమ సందు కూడా తెలుస్తోందే. మళ్ళీ పోతోంది, నెట్టు."

నెట్టాను. మా ఆయన కాస్త పక్కకు వెళ్ళి బిషాన్ అంకుల్‌కి ఫోన్ చేసి, సారీ అంకుల్, అమ్మటం లేదు అని చెప్పి వచ్చాడు. వచ్చేసరికీ మేమిద్దరం అలాగే ఉన్నాం. ఆవిడ పోతోంది అనడం, నేను నెట్టడం. నా భుజం లాగేస్తోంది. దక్షిణం నుంచి మబ్బు వస్తోంది.

"అమ్మా, దిగు, నేనూ ఒకసారి చూస్తాను," అన్నాడు మా ఆయన. రెండేళ్ళలో అతను ఆ మాట అనడం అదే మొదటిసారి.

అత్తయ్య కన్ను తీయలేదు.

"ఆగరా," అన్నారు. "నాకింకా తనివి తీరలేదు."